లక్క ఎరుపా, సరస్సు ఎరుపా?

సందేహం: నేను నల్లగొండలో ఉంటూ నిజాం కాలపు తపాలా బిళ్ళలు సేకరిస్తుంటాను. ఒకే అర్ధణా బిళ్ళకు ఇంగ్లీషు జాబితాల్లో ఆరెంజ్ బ్రౌన్, బ్రిక్ రెడ్, రోజ్ రెడ్ అని వేర్వేరు చాయలు రాస్తారు. మరో బిళ్ళకు ‘లేక్’ అని ఉంటే మిత్రులొకరు ‘సరస్సు ఎరుపు’ అని రాశారు. ఇది సరైనదేనా? వీటన్నిటినీ ముదురు ఎరుపు, లేత ఎరుపు అంటే సరిపోదా?

సమాధానం: ‘సరస్సు ఎరుపు’ తప్పు. ఈ ‘లేక్’కు నీళ్ళతో సంబంధం లేదు, అది మన లక్కే. సంస్కృతంలోని ‘లాక్షా’ ప్రాకృతాల్లో ‘లక్ఖా’ అయి, పారశీకం మీదుగా ఐరోపా భాషలకు చేరింది. కొమ్మలను పట్టి ఉండే లక్కపురుగుల నుంచి తీసిన ఎర్రరంగుకు అక్కడ ఆ పేరు స్థిరపడింది కాబట్టి, మీరు నిస్సంకోచంగా ‘లక్క ఎరుపు’ అని రాయండి. వెర్మిలియన్ అనే ఎర్రరంగుకు కూడా మనకు ‘ఇంగిలీకం’ అనే చక్కని మాట ఉంది. ఇంట్లో మాట ఉండగా నిఘంటువులో మొదట కనబడిన అర్థాన్ని తెచ్చి అతికించడం నాకు బాధ కలిగిస్తుంది.

ముదురు, లేత అనేవి ఒకే రంగు చిక్కదనాన్ని, పలచదనాన్ని చెబుతాయే తప్ప, ఆ రంగు ఏ వైపు మొగ్గుతున్నదో చెప్పవు. ఇటుక ఎరుపు, గులాబి ఎరుపు రెండూ సమానంగా ముదురుగా ఉండవచ్చు. అయినా అవి ఒకటి కావు. ఆ మొగ్గునే ‘చాయ’ అంటాం; ‘కెంజాయ’లో ఉన్నది ఈ మాటే. జంటపదాల్లో చివరిదే ప్రధానం గనుక, ‘నారింజ గోధుమ’ అంటే నారింజ వైపు మొగ్గిన గోధుమరంగు. ఆ మాటల వరుసను తిరగేస్తే అది వేరే బిళ్ళ అయిపోతుంది.

పచ్చ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘పచ్చని పైరు’లో అది ఆకు రంగు, ‘పచ్చకామెర్లు’లో పసుపు. 1869లో వెలువడిన నిజాం రాజ్యపు తొలి అణా బిళ్ళ ఆలివ్ గ్రీన్ రంగుది. దాన్ని ఒట్టి ‘పచ్చ’ అంటే చదివేవారు ఏ రంగని ఊహించుకోవాలి? ఆలివ్ మన చెట్టు కాదు కనుక ‘ఆలివ్ ఆకుపచ్చ’ అని ఉంచడమే మేలు. బలవంతపు తెలుగు కంటే బిళ్ళను సరిగ్గా గుర్తుపట్టించే మాట ముఖ్యం.

మన గద్వాల, నారాయణపేట చీరల మాటలు అందమైనవే కానీ, అన్నీ ఇక్కడ పనికిరావు. ‘నెమలికంఠం’ పడుగూ పేకా వేర్వేరు రంగుల్లో ఉండి, బట్టను కదిలించినప్పుడు మారుతూ కనిపించే వన్నె. కాగితం మీది ఒక్క సిరాకు ఆ పేరు నప్పదు.

చివరగా, అచ్చైనప్పటి చాయను, తరువాత వచ్చిన మార్పును ఒకే మాటతో చెప్పవద్దు. ఎండకు ‘వెలిసిన’ గులాబి ‘లేత’ గులాబి కాదు. సీసం కలిసిన నారింజ సిరా గాలిలోని గంధకపు ఆవిరి తగిలి నల్లబడితే, దాన్ని ‘గోధుమ చాయ’ అనకుండా ‘నల్లబడిన నారింజ’ అనే రాయాలి. అనుమానం ఉన్న రెండు బిళ్ళలను పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే పేరు రాయండి.