ఉప్పు సంగతి ముందు రాయండి

ప్రియమిత్రులకు,

డీఎన్ఏను పసిగట్టే విద్యుత్ రసాయన సెన్సర్ల మీద మీరు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది. అయితే, పలుచని బఫర్‌లో, అంటే ఆమ్లత మారకుండా నిలిపే లవణ ద్రావణంలో, చక్కగా పనిచేసిన సెన్సర్ రక్తపు సీరంలో ముంచగానే దాదాపు మూగబోయిందన్న సంగతిని చివర ఒక్క వాక్యంతో దాటేసి, మిగిలిన చోటంతా బంగారు నానోకణాల వైభవానికే ఇచ్చారు. అది నాకు కష్టం కలిగించింది. అసలు కథ ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

డీఎన్ఏ పోగు పొడవునా ఫాస్ఫేట్లు రుణావేశంతో ఉంటాయి. ఉప్పునీటిలోని ధన అయాన్లు వాటి చుట్టూ మూగి ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. దాని ప్రభావం ఎంత దూరం నిలుస్తుందో చెప్పేదే డిబై దూరం. శరీర ద్రవాల్లో ఉండే సుమారు 150 మిల్లీమోలార్ లవణంలో అది ఒక నానోమీటరు కూడా ఉండదు. 1 మిల్లీమోలార్‌కు పలుచన చేస్తే 10 నానోమీటర్ల దాకా సాగుతుంది. ప్రోటీన్లను పట్టే సెన్సర్లలో వాడే యాంటీబాడీయే పది నానోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది కనుక, దాని కొసన పట్టుబడిన అణువు ఆవేశం, శాస్త్రవేత్త బెర్గ్‌వెల్డ్ 1970లో పరిచయం చేసిన, ఉపరితలం దగ్గరి ఆవేశాన్ని పసిగట్టే ట్రాన్సిస్టర్ తరహా సెన్సర్‌కు సీరంలో అందడం చాలా కష్టం.

పలుచన చేస్తే చాలని రాశారు. చాలదు. లవణం తగ్గితే రెండు డీఎన్ఏ పోగులూ ఒకదాన్నొకటి నెట్టుకొని, జతకట్టడమే కష్టమవుతుంది. అందుకే డీఎన్ఏను పోలినా ఆవేశం లేని కృత్రిమ అణువు పీఎన్ఏను ప్రోబ్‌గా, అంటే సెన్సర్ మీద డీఎన్ఏను పట్టే పోగుగా, వాడతారు. తక్కువ లవణంలోనూ అది డీఎన్ఏను పట్టుకుంటుంది. పైగా తనకు ఆవేశం లేదు కాబట్టి, డీఎన్ఏ వచ్చి చేరగానే కలిగే మార్పు స్పష్టంగా తేలుతుంది. ద్రావణంలో ఎలక్ట్రోడ్ దగ్గర విద్యుత్ సంకేతాన్నిచ్చే ఫెర్రీసయనైడ్ ఉంటే, రుణావేశం గల ఆ అయాన్‌ను డీఎన్ఏ ఎలక్ట్రోడ్ దగ్గరకు రానివ్వదు, తెరమీద విద్యుత్తు శిఖరం కుంగిపోతుంది. ఇది ఒక్కటి కళ్లకు కట్టినట్టు రాసినా వ్యాసం నిలబడేది.

నా తొలి రోజుల్లో ఒక సంపాదకుడు ఇలాంటి వ్యాసంలోంచే బఫర్ పేరా మొత్తం కోసేసి, శీర్షికలో ‘నానో’ చేర్చి అచ్చువేశారు. పాఠకులకు ఈ ఉప్పు గొడవ దేనికన్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. తర్వాత పలుచని కార్బన్ పొర అయిన గ్రాఫీన్ వంతు వచ్చింది, ధోరణి మాత్రం మారలేదు. ఎలక్ట్రోడ్ వైశాల్యం పెరిగితే సంకేతంతో పాటు నేపథ్య విద్యుత్తూ పెరుగుతుంది. కాబట్టి వెతికే డీఎన్ఏ లేని ఖాళీ నమూనా రీడింగులు ఎంతగా చెదిరాయో చెప్పకుండా సెన్సర్ ‘వెయ్యి రెట్లు’ మెరుగైందని రాయకండి.

ముందు ఆ ప్రయోగం చేసినవారిని మళ్లీ కలవండి. సంకేతాన్ని మింగింది లవణమా, ఎలక్ట్రోడ్‌కు అంటుకున్న సీరం ప్రోటీన్లా? అంతే లవణం ఉండి ప్రోటీన్లు లేని బఫర్‌లో కొలిచారేమో అడిగి, ఆ ఫలితంతోనే వ్యాసం మొదలుపెట్టి నాకు పంపండి.

మీ శ్రేయోభిలాషి