కొండెక్కడమా, ఎగబాకడమా?

సందేహం: అమెరికా శిలారోహకుడు రాయల్ రాబిన్స్‌ను తలుచుకుంటూ ఒక వ్యాసం రాశాను. ‘1957లో ఆయన హాఫ్ డోమ్ కొండెక్కారు’ అన్న వాక్యం చూసి మా నాన్నగారు ‘పోయిన మనిషి గురించి ఆ మాటేమిట్రా, మార్చు’ అన్నారు. అందులో తప్పుందా? ఆయన పాటించిన ‘క్లీన్ క్లైంబింగ్’ను ‘స్వచ్ఛ ఆరోహణ’ అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. తిరుమలకు నడిచి వెళ్లినవాళ్లూ ‘కొండెక్కాం’ అనే చెబుతారు. కానీ దీపం ఆరిపోయిందనడం అశుభమని ‘కొండెక్కింది’ అంటాం కదా, బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అన్నట్టు. 2017లో కన్నుమూసిన మనిషి మీది వ్యాసంలో ఆ మాట కనబడేసరికి మీ నాన్నగారికి దీపమే మెదిలింది. నాకైనా అంతే.

అయితే ఆ మాట వద్దనడానికి నాకు ఇంకా పెద్ద కారణం ఉంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కులో ఉన్న హాఫ్ డోమ్‌కి ఒక పక్క 1919 నుంచీ ఉక్కు తాళ్లున్నాయి. వాటిని పట్టుకుని మామూలు యాత్రికులు కూడా పైకి వెళతారు. వాళ్లు కొండ ఎక్కుతారు. రాబిన్స్, ఇద్దరు మిత్రులు వెళ్లింది వాయవ్యం వైపు నుంచి. అది సుమారు 2,000 అడుగుల నిలువు రాతి గోడ. అయిదు రోజులు పట్టింది. పగుల్లో వేళ్లు దూర్చి, బొటనవేలు మోపేంత అంచు మీద ఒళ్లంతా నిలిపి, జానెడు జానెడు పైకి జరగాలి. దీనికి మనకు చక్కటి మాట ఉంది: ఎగబాకడం. ‘ఎగ’ అంటే పైకి. దానికి ‘ప్రాకు’ చేరి ‘ఎగబ్రాకు’, వాడుకలో ‘ఎగబాకు’ అయింది. చెట్టెక్కేటప్పుడూ చేతులు పనిచేస్తాయి గానీ ‘ఎక్కు’ అన్న మాటలో ఆ చేతులు కనబడవు. ‘ఎగబాకు’లో చేతులు, మోకాళ్లు, రాతికి ఆనిన ఛాతీ అన్నీ కనిపిస్తాయి. ధరలకీ ర్యాంకులకీ వాడి వాడి పేపర్లు ఈ మాటను అరగదీశాయి. మీలాంటివాళ్లు దాన్ని మళ్లీ రాతి దగ్గరికి తీసుకురావాలి.

‘అధిరోహించారు’ అనవచ్చు. కాకపోతే ఆ మాట శిఖరాన్నే చూపిస్తుంది. పైకి చేరడం కన్నా ఎలా చేరామన్నది ముఖ్యమని రాబిన్స్ జీవితమంతా వాదించారు, రాశారు. ఆయన మీద వ్యాసంలో ఆ ‘ఎలా’ వినబడకపోతే నాకు లోటుగానే ఉంటుంది.

ఇక రెండోది, ‘క్లీన్ క్లైంబింగ్’ సంగతి. ఆసరా కోసం రాతి పగుళ్లలో సుత్తితో మేకులు కొట్టి, ఊడబీకి, మళ్లీ కొడుతుంటే పగుళ్లు వెడల్పవుతాయి. అందుకని ఆయన ఇంగ్లండ్‌లో చూసిన నట్లను వాడడం మొదలుపెట్టారు. ఇవి పగుల్లో చేత్తో ఇరికించి, చేత్తోనే తీసేసే లోహపు ముక్కలు. 1967లో భార్య లిజ్‌తో కలిసి నట్‌క్రాకర్ అనే దారిని ఒక్క మేకూ కొట్టకుండా ఎగబాకారు. 1971లో వచ్చిన ‘బేసిక్ రాక్‌క్రాఫ్ట్’ అనే చిన్న పుస్తకంతో ఎందరికో ఈ పద్ధతి నేర్పారు. ‘స్వచ్ఛ’ అనగానే మనవాళ్లకి చీపురు గుర్తొస్తుంది. ‘రాతికి గాటు పడకుండా ఎగబాకడం’ అని రాయండి. కాస్త పొడవే, అయినా ఆయన చేసింది అదే.