బ్రైస్ కాన్యన్‌లో నడవాలా, గుర్రం ఎక్కాలా? మేం రెండూ చేశాం

లాస్ వేగాస్ నుంచి అరవై దాటిన అమ్మానాన్నలను తీసుకుని అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కుకు వెళ్తున్నామని, చేతిలో ఒక్క రోజే ఉందని, కిందికి నడిచి దిగడం మేలా, గుర్రం మీద వెళ్ళడం మేలా అని అడిగారు. పోయినేడు సెప్టెంబరు చివర్లో మేం మా అమ్మానాన్నలతో ఇలాగే వెళ్ళాం. నన్నడిగితే మీకు నడక, పెద్దవాళ్ళలో ఓపిక ఉన్నవాళ్ళకు గుర్రం.

ఎందుకో చెప్తాను. అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఓపిక అయిపోతే మధ్యలోనే వెనక్కి దిగి వచ్చేయొచ్చు. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. బండి ఆపేది కొండ పైన అంచు మీద, చూడాల్సిన రాతి స్తంభాలు కింద. దిగేటప్పుడు ఎవరికీ కష్టం తెలియదు, ఫొటోలు తీసుకుంటూ హాయిగా దిగిపోతారు. అసలు పరీక్ష తిరిగి ఎక్కేటప్పుడే. పైగా ఆ అంచు సముద్రమట్టానికి 8,000 అడుగుల ఎత్తులో ఉంది, తిరుమల కంటే రెండింతలకు పైనే. గాలి పల్చగా ఉంటుంది కాబట్టి రోజూ వాకింగ్ చేసేవాళ్ళకు కూడా నాలుగు మలుపులు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది.

నేనూ మా ఆయనా తెల్లవారకముందే లేచి సన్‌రైజ్ పాయింట్ దగ్గర దిగాం. క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ అనే రెండు కాలిబాటలు కలిపి మొత్తం 2.9 మైళ్ళు, మాకు రెండున్నర గంటలు పట్టింది. అక్కడి రేంజర్లు, అంటే పార్కు సిబ్బంది కూడా సన్‌రైజ్ పాయింట్ దగ్గర దిగి, సన్‌సెట్ పాయింట్ దగ్గర పైకి రమ్మనే చెప్తారు. దిగే ముందు అంచు మీదున్న ఒక పైన్ చెట్టును చూడండి. కింద మట్టి కొట్టుకుపోయి, వేళ్ళన్నీ బయటపడి, మనిషి కాళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడి ఉంటుంది. దాని ముందు చాలాసేపు ఉండిపోయాను.

ఇక రంగుల సంగతి. ఫోన్‌లో చూసింది వేరు, అక్కడ చూసేది వేరు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ రాతి స్తంభాలు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. ఎండ నేరుగా పడినవాటి కంటే, ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురులో ఉన్నవే ఎక్కువ ఎర్రగా కనిపిస్తాయి. అందుకే మధ్యాహ్నం నడిమెండలో నడవొద్దు. వెలుతురు చప్పగా ఉంటుంది, ఎండా మాడుస్తుంది. నవాహో లూప్‌లో వాల్ స్ట్రీట్ అనే ఇరుకు దారి తెరిచి ఉంటే తప్పకుండా దాన్లోంచే ఎక్కండి. రెండు నిలువు గోడల మధ్య ఆకాశం కోసం పైకి సాగిపోయిన డగ్లస్ ఫర్ చెట్లున్నాయి. రాళ్ళు పడతాయని చలికాలంలో ఆ దారి మూసేస్తారు. అప్పుడు పక్కనున్న టూ బ్రిడ్జెస్ వైపు నుంచి రావాలి.

మధ్యాహ్నం నాన్నా నేనూ రెండు గంటల రైడ్‌కు వెళ్ళాం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్న ఎద్దులతో సేద్యం చేసిన మనిషే గానీ గుర్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఆయనకు కంచర గాడిదను ఇచ్చారు. కొంచెం మనసు చిన్నబుచ్చుకున్నారు గానీ, అలాంటి దారిలో అదే నమ్మకమైన జంతువు అని గైడ్ చెప్పాడు. అది లోయ వైపు అంచునే పట్టుకుని నడుస్తుంది. దాని గిట్ట తగిలి ఒక గులకరాయి జారి కిందికి పోతే నా గుండె ఆగినంత పనైంది. అది మాత్రం చెవి ఒకటి వెనక్కి తిప్పి, ముందుకాలు వేసే చోటు చూసుకుని, మెల్లగా వేసింది. మనం దాన్ని నడిపించక్కర్లేదు. దిగేటప్పుడు ఒళ్ళు కాస్త వెనక్కి, ఎక్కేటప్పుడు ముందుకు వంచాలి. మడమలు కిందికి నొక్కి ఉంచాలి. దారిలో గడ్డికి మెడ వంచబోతే పగ్గం లాగాలి. ఇంతే.

సగం దిగాక నాన్న అడిగారు: "కొండనింత కోసిన ఏరు యాడుందిమ్మా?" గండికోట చూస్తూ పెరిగిన మనిషి. అక్కడ రాయిని కోసింది పెన్నేరు. ఇక్కడ అలాంటి ఏరు లేదు. కాన్యన్ అంటే ఏరు కోసిన లోయ. పేరులో కాన్యన్ ఉన్నా ఇది నిజానికి కాన్యన్ కాదు. ఏడాదిలో దాదాపు సగం రోజులు రాతి పగుళ్ళలో నీళ్ళు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. అలా రాయి చీలుతుంది, వాన దాన్ని కడిగేస్తుంది. ఎరుపు, నారింజ రంగులు ఇనుము తుప్పువి, ఊదా రంగు మాంగనీసుది. ఈ చోటికి పేరొచ్చిన బ్రైస్ అనే ఆయన "ఆవు తప్పిపోతే వెతుక్కోవడం మహా కష్టం ఇక్కడ" అన్నాడని చెప్పుకుంటారు. అది విని నాన్న చాలాసేపు తల ఊపుతూనే ఉన్నారు. పశువుల వెంట తిరిగిన మనిషికి ఆ మాట వెంటనే తగిలింది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమెకు రెండూ వద్దన్నాం. సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అంచు వెంబడి అర మైలు చదునైన తారు దారి ఉంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. మా ఆయనా అమ్మా అక్కడే నడిచారు. కిందికి దిగలేదన్న లోటు ఆమెకు లేదు.

రైడ్‌కు ముందే బుక్ చేసుకోండి, చలికాలంలో ఉండదు. బరువు 220 పౌండ్లు దాటితే ఎక్కనివ్వరు. మోకాళ్ళు, నడుము బాగాలేనివాళ్ళను దయచేసి ఎక్కించకండి. రెండు గంటలు జీను మీద కూర్చుని దిగాక నాకే తొడలు మూడు రోజులు నొప్పెట్టాయి. చెప్పులతో ఎవర్నీ దిగనివ్వకండి, పట్టున్న బూట్లే వేయించండి. మనిషికో లీటరు నీళ్ళు తక్కువలో తక్కువ. తెల్లవారుజామున స్వెటర్ కావాలి.

ఇంకొకటి, మేం నష్టపోయింది ఇందులోనే. వేగాస్ నుంచి నాలుగు గంటల ప్రయాణం, కానీ యూటా గడియారం ఒక గంట ముందుంటుంది. ఆ లెక్క మర్చిపోయి మొదటి రోజు సాయంత్రం వెలుతురు పోగొట్టుకున్నాం. మీకు ఒక్క రోజే ఉంది కాబట్టి ముందురోజు రాత్రికే అక్కడికి చేరుకోండి.