ఐదుగురి మ్యాచ్ కంటే వేలమంది ఉన్న లోకమే నాకెందుకు ఇష్టం

మీరు అడిగింది ఇది: వాలొరెంట్, బీజీఎంఐ లాంటి షూటర్లు (తుపాకులతో కాల్చుకునే ఆటలు) ఫ్రెండ్స్‌తో హాయిగా ఆడుకోవచ్చు కదా, కొందరు ఎంఎంఓలకే, అంటే వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటలకే, ఎందుకు అంటుకుపోతారు? అక్కడ వేలమంది ఉన్నా సగం సేపు ఒంటరిగానే తిరుగుతారు, మరి అంతమంది దేనికి?

ఒంటరిగా తిరుగుతారన్న మాట నిజమే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఎంఎంఓ ఆటగాళ్ళను గమనించిన పరిశోధకులు 2006లోనే ఈ సంగతి రాశారు. చాలామంది ఎక్కువ సేపు ఏ గుంపులోనూ చేరకుండా ఆడుతున్నారు, అయినా చుట్టూ మనుషులు ఉండటం వాళ్ళకి కావాలి. నాకు ఇందులో వింతేమీ కనిపించదు. నాంపల్లి నుమాయిష్‌కి ఒక్కరే వెళ్ళి చూడండి. ఎవరితోనూ మాట్లాడకుండా రెండు గంటలు తిరిగి వస్తాం, అయినా ఒంటరిగా గడిపామని అనిపించదు. అదే మైదానం ఖాళీగా ఉన్న రోజు లోపలికి వెళ్ళం కూడా.

ఇక నా అనుభవం. కాలేజీ రోజుల్లో అమీర్‌పేట కెఫేల్లో మా బ్యాచ్ అంతా కౌంటర్ స్ట్రైక్ అనే షూటర్ ఆడేవాళ్ళం. పక్కపక్క సీట్లు, అరుపులు, ఓడినవాళ్ళు కెఫే డబ్బులు కట్టడం. ఆ మజా ఏ ఎంఎంఓలోనూ దొరకదు, ఆ మాట గట్టిగా ఒప్పుకుంటాను. కానీ ఆ ఆటకి ఐదుగురూ ఒకే వేళకి ఖాళీగా ఉండాలి. ఉద్యోగాలొచ్చాక ఒకడు డాలస్, ఒకడు బెంగళూరు, ఇంకొకడికి చంటిపిల్ల. నాకేమో రాయదుర్గంలో నైట్ షిఫ్ట్. క్యాబ్ ఇంటి దగ్గర దింపేసరికి తెల్లవారుజాము అవుతుంది. ఆ వేళ ఎవరిని లేపి ఆడదాం రమ్మంటాం? తెలియనివాళ్ళతో మ్యాచ్‌లో దూరితే ఒక్క రౌండ్ పోగానే మైక్‌లో తిట్లు మొదలు. అదే సమయానికి అమెరికాలో సాయంత్రం, అక్కడి ఎంఎంఓ సర్వర్లు కిటకిటలాడుతుంటాయి. లాగిన్ అయితే చాలు, సందడి మధ్యలో ఉంటాం. ఇరవై నిమిషాలకే నిద్రొచ్చి వెళ్ళిపోయినా ఎవరి మ్యాచ్ చెడదు. హైదరాబాద్‌లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

నేను ఎక్కువగా ఆడేది గిల్డ్ వార్స్ 2 అనే ఎంఎంఓ. 2012లో వచ్చింది, నెలనెలా చందా కట్టక్కర్లేదు. ఈ ఆట తయారుచేసినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం. ఇందులో ఒక గనిరాయిని నాకంటే ముందు వేరొకరు తవ్వుకున్నా నా వాటా నాకుంటుంది. నేను కొడుతున్న రాక్షసిని ఇంకొకరు వచ్చి కొడితే ఇద్దరికీ ఫలితం దక్కుతుంది. కిందపడ్డవాణ్ణి దారినపోయే ఎవరైనా లేపొచ్చు, లేపినవాళ్ళకీ పాయింట్లు వస్తాయి. దాంతో తెలియని మనిషి ఎదురొస్తే నా సొమ్ము పట్టుకుపోతాడన్న భయం ఉండదు, హమ్మయ్య తోడొచ్చారనిపిస్తుంది.

అందులో టెకాటిల్ అనే డ్రాగన్ ఉంది. 2013లో దాన్ని బాగా కష్టం చేశారు. పదిహేను నిమిషాల్లో పడగొట్టాలి. పదులమంది దాని కాళ్ళ దగ్గర చేరి కొడుతుంటే, ఆరుగురు ఫిరంగుల మీద ఉంటారు. దాని పొలుసులు గట్టిపడకుండా చూసేది ఆ ఫిరంగులే. ఆ ఆరుగురి మీదికి చిన్న రాక్షసులు రాకుండా ఇంకొన్ని జట్లు కాపలా కాయాలి. నాది ఆ కాపలా జట్టు. నా చేతులు అంత చురుకైనవి కావు, షూటర్లలో నా గురి అంతంతమాత్రం. ఐదుగురి జట్టులో అలాంటివాడు మిగతా నలుగురికీ భారం. ఇక్కడ ఫిరంగి పక్కన ఓపిగ్గా నిలబడేవాళ్ళు లేకపోతే గెలుపే లేదు. డ్రాగన్ పడిన క్షణంలో మ్యాప్ చాట్ (ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళంతా రాసుకునే చోటు) అంతా కేరింతలు. అందులో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు, అయినా ఆ గెలుపు నాది.

అసలు తేడా ఇక్కడే ఉందని నా నమ్మకం. చిన్న ఆటలు దాదాపుగా ఒకే నైపుణ్యాన్ని కొలుస్తాయి. ఎంఎంఓలో వైద్యం చేసేవాళ్ళకీ, సరుకు తయారుచేసేవాళ్ళకీ, బజారులో కొని అమ్మేవాళ్ళకీ, ఊరికే కొండలెక్కి చూసేవాళ్ళకీ చోటుంది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన మడ్ అనే తొలి ఆన్‌లైన్ లోకాన్ని రాసిన ఇద్దరిలో రిచర్డ్ బార్టిల్ ఒకరు. ఆయన 1996లో ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విడదీశారు: సాధించేవాళ్ళు, వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు, కలిసిమెలిసి ఉండేవాళ్ళు, ఇతరుల మీద పడేవాళ్ళు. ఐదుగురి షూటర్‌లో మొదటివాళ్ళకీ చివరివాళ్ళకీ కడుపు నిండుతుంది. మధ్యలో ఉన్న రెండు రకాలవాళ్ళు ఎక్కడికి పోవాలి?

బీజీఎంఐలో కూడా వందమంది ఉంటారుగా అని మీరనొచ్చు. ఉంటారు, కానీ అరగంటలో ఆ దీవి మాయమైపోతుంది. మళ్ళీ మొదలుపెడితే అన్నీ సున్నా నుంచే. అంతరిక్షంలో నడిచే ఎంఎంఓ ఈవ్ ఆన్‌లైన్‌లో జరిగింది చూడండి. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన బిల్లు ఒకటి కట్టడం తప్పిపోయింది. దాని మీద మొదలైన యుద్ధం దాదాపు 21 గంటలు సాగింది, 7,500 మందికి పైగా ఆటగాళ్ళు పాల్గొన్నారు. సర్వర్ ఆ తాకిడికి తట్టుకోవడానికి ఆటలో కాలాన్నే పదో వంతు వేగానికి తగ్గించేసింది. ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ ఓడలు 75 ధ్వంసమయ్యాయి. ఆ శిథిలాలను తర్వాత అక్కడే స్మారకంగా ఉంచారు. ఆ రోజుల్లో ఈవ్ మొహం చూడనివాళ్ళు కూడా వెళ్ళి చూసి రావొచ్చు. ఒక ఆటకి చరిత్ర అంటూ ఉండటం నన్ను కదిలిస్తుంది.

మన వాళ్ళకి సంబంధించి ఇంకో కారణం పింగ్, అంటే మన సంకేతం సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే సమయం. షూటర్లలో సర్వర్ దూరమైతే ఎదుటివాడు కనిపించేలోపే మనం చచ్చిపోతాం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ లాంటి ఎంఎంఓలో మనం చేసే పనులను సర్వర్ 0.6 సెకన్లకి ఒకసారి లెక్కలోకి తీసుకుంటుంది. హైదరాబాద్ నుంచి దూరపు సర్వర్‌కి వెళ్ళినా మామూలు పనులకి ఏ ఇబ్బందీ తెలియదు.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. పెద్ద గిల్డ్‌లో (ఆటగాళ్ళ సంఘంలో) చేరి వారానికిన్ని రాత్రులు రెయిడ్‌కి, అంటే పెద్ద జట్టుగా చేసే దాడికి, వస్తానని మాటిస్తే అది రెండో ఉద్యోగంలా మెడకి చుట్టుకుంటుంది. చదువుకునే పిల్లలు, చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఆ మాట ఇవ్వకుండా ఉండటమే మేలు. వాళ్ళకి అరగంటలో ముగిసే మ్యాచే నయం.

ఊరికే రుచి చూడాలనుకుంటే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌తో మొదలుపెట్టండి. కొంత భాగం ఉచితం. 2018 నుంచి ఫోన్‌లోనూ వస్తోంది, కంప్యూటర్‌లో ఆడే అకౌంటే అక్కడా నడుస్తుంది, మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చేలోపు నాలుగు చేపలు పట్టుకోవచ్చు. మొదటి పాఠాలు అయ్యాక 301వ వరల్డ్‌లోకి (ఆ ఆట సర్వర్లలో ఒకటి) వెళ్ళి వారాక్ అనే ఊరి పక్కనున్న గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే బజారు దగ్గర కాసేపు నిలబడి అక్కడి బేరాలు చదవండి. విసుగొస్తే ఎంఎంఓలు మీకు పడవు, ఇంకెక్కడా డబ్బు పెట్టకండి. ఇంకాసేపు ఉందామనిపిస్తే గిల్డ్ వార్స్ 2 కూడా ఉచితంగానే మొదలుపెట్టొచ్చు, అమెరికా సర్వర్ ఎంచుకుంటే మన తెల్లవారుజామున జనం బాగా ఉంటారు.