ఏది మా అన్నయ్య అసలు స్వభావం?

ప్రశ్న: మా అన్నయ్యకు 29 ఏళ్లు. గత ఏడాది మూడు వారాల పాటు రాత్రికి రెండు గంటలకు మించి నిద్రపోకుండా, గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతూ, ఉన్న ఉద్యోగం మానేసి, అప్పుచేసి వ్యాపారం మొదలుపెట్టాడు. వద్దన్నందుకు నన్ను ఎన్నడూ అనని మాటలన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేదు. డాక్టరు బైపోలార్ డిజార్డర్ అని చెప్పారు. మందులతో కుదుటపడ్డాడు కానీ, ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, మానేస్తానంటున్నాడు. ఏది అన్నయ్య అసలు స్వభావమో, తనతో ఎలా మెలగాలో తెలియడం లేదు.

జవాబు: మీ ఉత్తరం చదివాక నా మనసులో నిలిచిపోయింది ఆ చివరి ప్రశ్నే. రాత్రంతా మేలుకొని మిమ్మల్ని దూషించినదీ, నెలల తరబడి మంచం పట్టినదీ మీ అన్నయ్యే అయినా, ఆ రెండూ ఆయన స్వభావం కావు. జబ్బు తెచ్చిపెట్టిన దశలు. చిన్ననాటి నుంచి మీరెరిగిన అన్నయ్య, ఇప్పుడు కుదుటపడి మీతో మాట్లాడుతున్న అన్నయ్య, ఆయనే అసలు మనిషి.

మనందరికీ సంతోషం, దిగులు వచ్చిపోతుంటాయి కాబట్టి ఈ జబ్బును కూడా అలాంటిదేనని చాలామంది పొరబడతారు. కానీ బైపోలార్ డిజార్డర్‌లో మనిషిని ఉద్రేకం, కుంగుబాటు అనే రెండు దశలు పట్టి వదులుతుంటాయి. మేనియా అనే ఉద్రేక దశ సాధారణంగా కనీసం వారం రోజులు, దాదాపు రోజంతా ఉంటుంది. కుంగుబాటు కనీసం రెండు వారాలు, తరచుగా నెలల తరబడి సాగుతుంది. మేనియాను గుర్తుపట్టడానికి అన్నిటికంటే మంచి ఆనవాలు నిద్ర. నిద్రపట్టని మనిషి మర్నాడు అలసిపోతాడు, మేనియాలో ఉన్న మనిషి రెండు గంటలే పడుకున్నా అలసట ఎరగడు. జబ్బు ఎక్కువగా యుక్తవయసు చివర్లోనో, ఇరవైలలోనో మొదలవుతుంది. ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దదే కానీ, పెంపకంలో లోపం వల్లో, మనోబలం లేకపోవడం వల్లో వచ్చేది మాత్రం కాదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటుంటే దయచేసి ఆపించండి.

మందులు మానేస్తాననడం వెనుక మొండితనం ఒక్కటే ఉందనుకోకండి. ఉద్రేక దశలో లోకమంతా తన చేతిలో ఉన్నట్లు తోచిన మనిషికి మామూలు రోజులు వెలవెలబోయినట్లు అనిపించవచ్చు. ఆ పోగొట్టుకున్నదాని మీద బెంగ నిజమైనదే. చేతులు వణకడం, దాహం, బరువు పెరగడం వంటి ఇబ్బందులు కూడా ఉండవచ్చు. ముందు అవేమిటో అడిగి, ఓపికగా వినండి. మోతాదు సవరించడానికో, మందు మార్చడానికో డాక్టరుకు వీలుంటుంది, తనంతట తాను ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆయన వాడుతున్నది మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం అనే మందు అయితే ఇది మరీ ముఖ్యం. అది మేనియాను తగ్గిస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించాడు. ఈ జబ్బులో ఆత్మహత్యల ముప్పును తగ్గించే మందుగా కూడా దానికి మంచి పేరుంది. అయితే చాలినంత మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య తేడా కొద్దిపాటిదే కనుక, రక్తంలో దాని పరిమాణాన్నీ, మూత్రపిండాలనూ, థైరాయిడ్‌నూ తరచూ పరీక్షించాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు వేసుకున్నా అది రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు.

మీరు చేయగలిగిన అసలు పని ఇప్పుడే ఉంది, ఆయన కుదురుగా ఉన్న ఈ రోజుల్లోనే. ఉద్రేకం ముదిరాక ఎంత వాదించినా చెవికెక్కదు. అప్పుడు గొంతు తగ్గించి, చిన్న చిన్న మాటల్లో చెప్పి, వెంటనే వైద్యసాయం అందేలా చూడటమే మేలు. అందువల్ల ఇప్పుడే ఇద్దరూ కూర్చుని, జబ్బు మొదలయ్యే ముందు తనలో ఏ మార్పులు వస్తాయో, అవి కనిపిస్తే మీరెవరికి ఫోన్ చేయాలో, డబ్బు, బ్యాంకు కార్డులు కొన్నాళ్లు ఎవరి దగ్గర ఉంచాలో ఆయన మాటల్లోనే రాయించండి. మీరు రాసిచ్చిన షరతులైతే అవి ఆయనకు కాపలాగా తోస్తాయి. అలాగని నవ్విన ప్రతిసారీ, కోప్పడిన ప్రతిసారీ "మందు వేసుకున్నావా?" అని అడగకండి, సంతోషించే హక్కు, విసుక్కునే హక్కు ఆయనకూ ఉన్నాయి.

కుంగుబాటు మళ్లీ వస్తే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దిగులూ, అలజడీ ఒకేసారి కమ్ముకునే మిశ్రమ దశలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక మిమ్మల్ని అన్న మాటల సంగతి. జబ్బులో అన్నవని తెలిసినంత మాత్రాన గాయం మానిపోదు, మానిపోయినట్లు నటించమని నేను చెప్పను. ఆయన నిలకడగా ఉన్న ఒక రోజు చూసి, నిందించకుండా, ఎంత బాధపడ్డారో ఒక్కసారి చెప్పుకోండి.

ఆయన ఒప్పుకుంటే, ఈసారి డాక్టరు దగ్గరకు మీరూ వెంట వెళ్లండి. నిద్ర ఎప్పుడు తగ్గిందో, ఖర్చులు ఎప్పుడు మొదలయ్యాయో, మంచం ఎప్పుడు పట్టారో తేదీలతో సహా రాసుకుని తీసుకువెళ్లండి. ఆ మూడు వారాల జ్ఞాపకం ఆయనకు స్పష్టంగా ఉండకపోవచ్చు. పైగా కుంగుబాటు తగ్గించే మందులను మరో మందు తోడు లేకుండా ఇస్తే కొందరిలో ఉద్రేకం రగులుతుంది కాబట్టి, మీరు కళ్లారా చూసిన ఆ రోజుల వివరాలు డాక్టరుకు తెలిసి తీరాలి.