బంతిని వదిలెయ్, గట్టు మీదోణ్ణి పట్టుకో

విజయనగరం

చిరంజీవి పద్మకు, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రగ్బీ కార్టూన్ బొమ్మలు అందాయి. ఇచ్ఛాపురంలో రైలెక్కి భువనేశ్వర్ దాకా వెళ్లి మరీ సెవెన్స్ మ్యాచులు, అదే జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ, చూసొచ్చావంటే ముచ్చటేసింది. గీత బాగా కుదురుకుంటోంది. కానీ వాటిలో ఒక్కటీ పేపర్లో వెయ్యడానికి పనికిరాదు. ఎందుకో చెబుతాను, అలక్కు.

ముందు చిన్న సంగతి. స్క్రమ్ అంటే రెండు జట్లవాళ్లూ తలలు వంచి, ఒకరినొకరు పట్టుకుని బంతికోసం తోసుకోవడం కదా. సెవెన్స్‌లో దానికి అటు ముగ్గురు, ఇటు ముగ్గురే దిగుతారు. నువ్వు పదిహేను మంది ఆడే ఆటలోలాగ ఎనిమిదేసి మందిని దించేశావు. శ్రీకాకుళంలో ఎవడికి తెలుస్తుందిలే అనుకోకు. తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు, పొద్దున్నే డెస్క్‌కి ఫోన్ చేసేదీ వాడే.

ఇక అసలు విషయానికొస్తాను. నీ బొమ్మల నిండా ఆటగాళ్లే. కండలు, బురద, దూకుడు. అదంతా ఫోటోగ్రాఫర్ పని, మనకంటే అతనే బాగా చేస్తాడు. మనక్కావలసింది గట్టు మీద కూర్చున్నవాడు. రగ్బీ అయితే మరీను. నిబంధనలు తెలిసినవాళ్లు మన వైపు తక్కువ. తెలీని ఆటని అంతా తెలిసినట్టు చూస్తూ, పక్కవాడికి వివరంగా చెప్పే మనిషి ఒకడు ప్రతి మైదానంలోనూ ఉంటాడు. వాణ్ణి పట్టుకుంటే నీకు నెల రోజులు లోటుండదు.

వేల్స్‌లో గ్రెన్ అని ఒక కార్టూనిస్టు ఉండేవాడు. అసలు పేరు గ్రెన్‌ఫెల్ జోన్స్, 2007లో పోయాడు. సౌత్ వేల్స్ ఎకో పత్రికకి ఏళ్ల తరబడి వేశాడు. బొగ్గుగనుల లోయలో అబర్‌ఫ్లైయార్ఫ్ అనే లేని ఊరొకటి పుట్టించి, దాని నిండా రగ్బీ పిచ్చివాళ్లని నింపాడు. కొండ మీద మేసే గొర్రెలు కూడా అతని బొమ్మల్లో పాత్రలే. ఎక్కడ దొరికినా వెతికి చూడు. ఆట కంటే, ఆట చుట్టూ ఉన్న ఊరు ఎలా పిచ్చెక్కిపోతుందో అందులో కనబడుతుంది.

జనం అంటే వంద గుండ్రాలు పెట్టి రెండేసి చుక్కలు పెట్టడం కాదు. పాకెట్ కార్టూన్‌కి నీకిచ్చేది సింగిల్ కాలమ్, అంటే పేపర్లో ఒక్క నిలువు వరస వెడల్పే. అందులో మనుషులు ముగ్గురు పడతారు, ఇరికిస్తే నలుగురు. నువ్వు టాబ్లెట్ మీద పెద్దది చేసుకుని వేసిన సన్నగీతలన్నీ న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుని నల్లటి మరకైపోతాయి. కాబట్టి ముగ్గుర్నీ నిండుగా వేసి, వెనకాల తలల వరస ఒక్క గీతలో తేల్చెయ్. ఆట ఏదో తెలియడానికి ఒక మూల హెచ్ ఆకారంలో గోలుపోస్టు చాలు, ఇంకేం రాయక్కర్లేదు. బంతి ఒంటరిగా వేస్తే మాత్రం బొప్పాయి కాయనుకుంటారు, దాన్ని ఎవరి చంకలోనో పెట్టు.

మనుషులు ఎటు చూస్తున్నారన్నదే జనం బొమ్మకి ప్రాణం. ఇది నేర్చుకోడానికి నువ్వు భువనేశ్వర్ దాకా వెళ్లక్కర్లేదు. విజయదశమి తర్వాత మంగళవారం మా ఊరు రా. పైడితల్లమ్మ సిరిమాను, పూజారిని పైన చివర్న కూర్చోబెట్టిన ఆ పొడుగాటి మాను, కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. నువ్వు సిరిమానుని చూడకు, దాన్ని చూసేవాళ్లని చూడు. అందరి గెడ్డాలూ ఒక్కసారే పైకి లేస్తాయి. అరటిపండు విసిరినవాడు మాత్రం అమ్మవారికి కాకుండా తన పండుకే దణ్ణం పెడుతున్నట్టు అది ఎక్కడ పడుతుందా అని చూస్తాడు. భుజం మీద పిల్లకి జనంతో పనిలేదు, ముందున్నవాడి జుట్టుతో పని. కానిస్టేబుల్ జనం వైపు తిరిగి నిలబడాలి, అది డ్యూటీ. మెడ మాత్రం వెనక్కే పీకుతుంటుంది. ఆ మెడ ఒక్కటి కుదిరిందంటే నీ బొమ్మ నడుస్తుంది.

రగ్బీలోనూ అంతే. స్క్రమ్‌లో బంతి ఎవడికీ కనపడదు, అందుకని తలలు తలో వైపు వంగుతాయి. గోలు కొట్టే ముందు ఐర్లండ్ లిమరిక్‌లోని థోమండ్ పార్క్‌లో జనం నోరు మెదపరు, కొట్టేవాడు అవతలి జట్టువాడైనా సరే. ఆ నిశ్శబ్దంలో మనవాడొకడు వేరుశెనక్కాయ చిట్లించాడనుకో, క్యాప్షన్ కూడా అక్కర్లేదు.

అవసరమైనప్పుడు క్యాప్షన్ మన యాసలోనే రాయి. చేత్తో బంతి ఇవ్వాలంటే ఈ ఆటలో వెనక్కే ఇవ్వాలి కదా. గట్టు మీద ఇద్దరు రైతుల్ని కూచోబెట్టు. ‘ముందుకెల్లాలంటే ఎనక్కి ఇసురుతాడేటిరా?’ అని ఒకడు. ‘మన పాస్‌బుక్కు ఫైలు అలాగే కదేటి నడిసింది!’ అని రెండోవాడు. నీ బొమ్మల కింద రాసిన పొడుగు పొడుగు వాక్యాలు చదివేలోపు టీ చల్లారిపోతుంది.

ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. లావుగా ఉన్న పిల్లని చూసి నవ్వించాలని ఒక బొమ్మ వేశావు. అది చించెయ్. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఆ జిల్లాలో ఉంటూ బలమున్న ఆడపిల్లని ఎగతాళి చేస్తావా? అదే పిల్లని చూసి, ‘షార్టులేంటి, సిగ్గులేదూ’ అని గొణుగుతూనే మ్యాచ్ చివరిదాకా సీటు వదలని పెద్దమనిషి ఉంటాడు చూడు, ఆయన్ని వెయ్యి. ఆయన చేతిలో గొడుగు పెట్టు, ఆ పిల్ల ట్రై కొట్టగానే, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించగానే, అది పైకి లేవాలి.

రాజకీయానికి కలపాలని నీకు ఉబలాటం ఎక్కువ, నాకు తెలుసు. కలకత్తా కప్పు గురించి చదువు. కలకత్తాలో తెల్లదొరల రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీయించి, కరిగించి కప్పు చేయించారు. మూడు పిడులూ నాగుపాములే, మూత మీద ఏనుగు. ఇంగ్లండు, స్కాట్లండు 1879 నుంచి దానికోసం కొట్టుకుంటున్నాయి. 1988లో ఎడిన్‌బరో వీధుల్లో ఆటగాళ్లు దాన్నే బంతి చేసుకుని తన్ని సొట్టలు పెట్టారు. మూత మీది ఏనుగు ఆ జనాన్ని చూసి ఏమనుకునుంటుందో నువ్వే ఆలోచించు, నేను చెబితే అది నా కార్టూనైపోతుంది.

ఈసారి రెండు చాలు. సింగిల్ కాలమ్ సైజులోనే, నలుపు తెలుపులో వెయ్యి. పంపే ముందు అదే సైజులో ప్రింటు తీసి, కళ్లజోడు లేకుండా మీ అమ్మకి చూపించు. ఆమెకి ఎవరెటు చూస్తున్నారో అర్థమైతే పంపు, లేకపోతే మళ్లీ వెయ్యి. బావగారికి నమస్కారాలు.

మీ మావయ్య