టెక్ సందేహాలు: మౌస్ విప్పే ముందు దాని తీగ వినండి

ప్రశ్న: మాది అనంతపురం. బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. తక్కువ ధరకు వచ్చిందని ఆన్‌లైన్‌లో ఓ గేమింగ్ మౌస్ కొన్నాను. డీపీఐ (మౌస్ కదలికకు బాణం ఎంత దూరం జరగాలో చెప్పే అంకె), లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు. మౌస్ విప్పి రివర్స్ ఇంజినీరింగ్ చేస్తే ఆ సెట్టింగులు నా చేతికి వస్తాయా?

వస్తాయి. కానీ స్క్రూడ్రైవర్‌ను కాసేపు పక్కన పెట్టండి. మీరు విండోస్‌లో రంగు మార్చి 'అప్లై' నొక్కగానే కంప్యూటర్ నుంచి మౌస్‌కు కొన్ని బైట్లు వెళ్తాయి. మీకు కావలసింది అవే. వాటిని తీగ మీదే పట్టుకోవచ్చు.

ముందు టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని కొట్టండి. మీ మౌస్ ఉన్న వరుసలో నాలుగేసి అక్షరాల నంబర్లు రెండు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది మోడల్‌ది. 046డీ అంటే లాజిటెక్. 04డీ9 అంటే తైవాన్‌కు చెందిన హోల్టెక్. చవక మౌస్‌లలో పెట్టె మీద ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు ఉండటం మామూలే. ఈ రెండు నంబర్లూ ఉబుంటులో మౌస్ సెట్టింగులు మార్చే 'లిబ్‌రాట్‌బ్యాగ్' ప్రోగ్రామ్ జాబితాలో ఉన్నాయేమో చూడండి. ఉంటే 'పైపర్' అనే యాప్ వేసుకుంటే చాలు, మీ కష్టం అక్కడితో తీరినట్టే.

లేకపోతే అసలు పని మొదలు. స్నేహితుడి విండోస్ ల్యాప్‌టాప్ ఓ సాయంత్రం అడిగి తీసుకోండి. అందులో వచ్చీపోయే డేటాను పట్టి చూపించే వైర్‌షార్క్ వేసేటప్పుడు, యూఎస్‌బీ తీగను వినే 'యూఎస్‌బీపీక్యాప్' దగ్గర టిక్ పెట్టడం మరచిపోవద్దు. క్యాప్చర్ మొదలయ్యాక మౌస్‌ను అస్సలు ముట్టుకోకండి, క్లిక్కులన్నీ టచ్‌ప్యాడ్‌తోనే. 1000 హెర్ట్జ్ మౌస్ కదిలినప్పుడల్లా మిల్లీసెకనుకో ప్యాకెట్ పంపుతుంది. ఆ వరదలో మీకు కావలసిన ఒక్క ప్యాకెట్‌ను వెతకడమంటే వడ్లలో రాయి ఏరడమే.

ఎరుపు పెట్టి అప్లై చేయండి. తర్వాత ఆకుపచ్చ పెట్టి మళ్లీ అప్లై చేయండి. 'సెట్ రిపోర్ట్' (మౌస్‌కు సెట్టింగులు పంపే ఆదేశం) అని ఉన్న రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి చూడండి. చాలా మౌస్‌లలో ఒకదాంట్లో 'ఎఫ్ఎఫ్ 00 00', రెండోదాంట్లో అదే చోట '00 ఎఫ్ఎఫ్ 00' దొరుకుతుంది. అదే రంగు ఉండే చోటు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా ఒక్కో బైటు, ఎఫ్ఎఫ్ అంటే పూర్తిగా. డీపీఐకీ ఇదే పద్ధతి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే ఏ బైటు దేనిదో తేలదు. చివరి బైటు కూడా మారుతుంటే అది చెక్‌సమ్ (మిగతా బైట్లు సరిగ్గా చేరాయో లేదో చూసే మొత్తం) కావచ్చు, మిగతా బైట్లు కూడి చూడండి. లెక్క తేలాక ఉబుంటులో పైథాన్, హెచ్ఐడీఏపీఐ (మౌస్, కీబోర్డులతో నేరుగా మాట్లాడే లైబ్రరీ) సాయంతో అవే బైట్లు పంపితే మౌస్ మాట వింటుంది. మీరు కళ్లారా చూసిన ప్యాకెట్లు మాత్రమే పంపండి. ఏమవుతుందో చూద్దామని తోచిన నంబర్లు పంపితే, అందులో ఒకటి ఫర్మ్‌వేర్ (మౌస్ లోపలి సొంత ప్రోగ్రామ్) చెరిపే కమాండ్ అయిందంటే మౌస్ కాస్తా పేపర్‌వెయిట్ అవుతుంది.

ఇంత చెప్పినా ఈసీఈ పిల్లాడు విప్పకుండా ఉంటాడా! వారంటీ పోయినా పర్లేదనుకుంటే విప్పండి. స్క్రూలు సాధారణంగా అడుగున ఉండే జారుడు పట్టీల కింద దాగి ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే పట్టీలు మెల్లగా ఊడొస్తాయి. పై మూతను ఒక్కసారిగా లాగొద్దు. నేను మొదటిసారి విప్పినప్పుడు అలాగే లాగాను, పక్క బటన్ల రిబ్బన్ కేబుల్ మూతతో పాటే తెగి వచ్చింది. సెన్సార్ కింద గాజులా ఉండే చిన్న లెన్స్ కూడా విడి ముక్కే. అది మంచం కిందకు దొర్లితే అరగంట వెతికాను.

బోర్డు బయటపడగానే ఫోటో తీసి, సెన్సార్ మీది నంబరు చదవండి. పెట్టె మీది డీపీఐ నిజమో కాదో చెప్పేది అదే. ఉదాహరణకు పిక్సార్ట్ వారి పీఎండబ్ల్యూ 3360కి గరిష్ఠం 12,000. చవక సెన్సార్ పెట్టుకుని అంతకు మించి రాశారంటే మధ్యలో లెక్కకట్టి పెంచిన అంకె అనుకోవచ్చు. పక్కనున్న మైక్రోకంట్రోలర్‌తో (మౌస్‌ను నడిపే చిప్) సెన్సార్ ఎస్‌పీఐ అనే చిప్‌ల మధ్య తీగల మీద మాట్లాడుతుంది. 24 మెగాహెర్ట్జ్ లాజిక్ ఎనలైజర్ (తీగల మీది సంకేతాలు పట్టే పరికరం), దాన్ని తెర మీద చూపే పల్స్‌వ్యూ ప్రోగ్రామ్ ఉంటే ఆ సంభాషణ వినొచ్చు. సెన్సార్‌లో తన గుర్తింపు దాచుకునే సున్నా రిజిస్టర్ అడిగితే 3360 హెక్సాడెసిమల్‌లో 42 అని జవాబిస్తుంది. ఆ 42 తెర మీద కనిపించినప్పటి సంబరం ల్యాబ్ మార్కుల్లో రాదు. మైక్రోకంట్రోలర్ ఉండాల్సిన చోట నల్ల జిగురు బొట్టు కనిపిస్తే మాత్రం దాన్ని గీకకండి, తీగ దగ్గరికే తిరిగి రండి.

ప్రశ్న: కడప నుంచి. కొత్త మౌస్ ప్యాడ్ మీద బాగానే ఉంది, మా బల్ల మీద పెడితే బాణం గెంతుతోంది. మౌస్ మార్చాలా?

బల్ల పైన ఉన్నది నున్నగా పాలిష్ పట్టిన నల్ల కడప బండ అని మీరు పంపిన ఫోటోలోనే తెలిసిపోయింది. మౌస్ సెన్సార్ అంటే చిన్న కెమెరా. అది సెకనుకు వేల ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చుకుని ఎటు కదిలిందో లెక్కేస్తుంది. పోల్చడానికి గుర్తులు కావాలి. సాయంత్రం ఎండ వాలుగా పడితే దున్నిన చేలో ప్రతి పెళ్లకూ నీడ కనిపిస్తుంది కదా, మౌస్‌లోని వెలుగు కూడా పక్కనుంచి పడి గరుకుతనాన్ని అలాగే చూపిస్తుంది. పాలిష్ బండ మీద పెళ్లలూ ఉండవు, నీడలూ ఉండవు. ఓ గుడ్డ ప్యాడ్ వేసుకోండి, మౌస్‌ది తప్పేం లేదు.

ప్రశ్న: కర్నూలు నుంచి. ఒకసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ అవుతోంది. షాపులో కొత్తది కొనుక్కోమన్నారు.

బటన్ కింద మూడు కాళ్ల మైక్రోస్విచ్ ఉంటుంది. లోపలి రేకు అరిగితేనో, కాంటాక్ట్ పాడైతేనో నొక్కినప్పుడు అదురుతుంది, మౌస్ దాన్ని రెండు క్లిక్కులుగా లెక్కపెడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో 'డిబౌన్స్' (ఈ అదురును పట్టించుకోకుండా ఆగే సమయం) ఉంటే కొన్ని మిల్లీసెకన్లు పెంచి చూడండి. తగ్గకపోతే అదే సైజు స్విచ్ తెచ్చి మార్పించండి. సోల్డరింగ్ చేసే మొబైల్ మెకానిక్‌కు ఇది పది నిమిషాల పని. ఎడమది పోయి, మీకు పాత మౌస్ ఏదైనా మూలన పడి ఉంటే, దాని కుడి బటన్ స్విచ్ సరిపోతుందేమో చూడండి. కుడిది ఎవరూ అంతగా నొక్కరు.